చిన్న అంగీ కొలత

నేటి వాక్యభాగం: 1 సమూయేలు 2:18–21, అపొస్తలుల కార్యములు 9:36–42

హన్నా ఏడాదికోసారి భర్తతో కలిసి షిలోహుకు వెళ్లేది. వెళ్లిన ప్రతిసారీ సమూయేలు కోసం ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. పాలు మాన్పించిన బిడ్డను మందిరంలో అప్పగించి వచ్చిన తల్లి ఆమె. కొలత తీద్దామంటే పిల్లవాడు ఇంట్లో లేడు. పైగా ఎదిగే వయసు. పోయిన పండక్కి కుట్టించిన చొక్కా ఈ పండక్కి పొట్ట దిగని వయసు. వాక్యం ఆ కొలత సంగతేమీ చెప్పదు. కానీ కుట్టుపనో అల్లికపనో తెలిసిన ఏ స్త్రీ అయినా ఆ వచనం దగ్గర కాసేపు ఆగుతుంది. ఈమె అంచనా ఎలా వేసి ఉంటుంది?

ఊహించడం కష్టమేమీ కాదు. షిలోహులో కొడుకు ఎదురైనప్పుడు అతని ఒంటిమీద ఉండేది పోయినేడు తానిచ్చిన అంగీయే. అది చీలమండల నుంచి ఎంత పైకి పోయింది, చంకలో ఎక్కడ పిగిలింది, పొద్దున్నే మందిరం తలుపులు తీసే ఆ చేతుల దగ్గర అంచు ఎంత నలిగింది, తల్లి కంటికి అన్నీ కనబడతాయి. కొత్త అంగీ తొడిగి, పాతది విప్పి మడిచి ఇంటికి తెచ్చుకుని ఉంటుంది. వచ్చే ఏటి అంగీకి కొలత ఆ పాతదే. అది భద్రంగా పెట్టెలో దాచింది కాదు, ఏడాది పొడుగునా దేవుని సేవలో తొడిగి అరగదీసింది.

ఇలాగే తొడిగి చూసి కొలత సరిదిద్దుకోడానికి క్రోషే దుస్తులు అల్లేవాళ్లలో టెస్టింగ్ అని ఒక పద్ధతి ఉంది. ఎన్ని చైన్లు వేయాలి, ఏ వరుసలో ఎన్ని కుట్లు పెంచాలి, చంక దగ్గర ఎన్ని తగ్గించాలి అని అంకెలతో ప్యాటర్న్ రాసినామె, దాన్ని అమ్మకానికి పెట్టే ముందు కొందరు అల్లేవాళ్లకు ఇస్తుంది. ఒక్కో సైజుకు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లు తమ దారంతో, తమ హుక్కుతో, తమ ఒంటి కొలతకు అల్లుతూ ఎక్కడికక్కడ రాసి పంపుతారు. ఫలానా వరుసలో లెక్క కుదరలేదు, మీరు చెప్పినదానికన్నా ఒక ఉండ దారం ఎక్కువ పట్టింది, భుజం బొమ్మలో ఉన్నట్టు కూర్చోలేదు, ఇలా. ఈ పనికి చాలావరకు డబ్బులుండవు. సరిదిద్దిన ప్యాటర్న్ ఉచితంగా ఇస్తారు, అంతే. (వారాల తరబడి చేసే పనికి అది చాలీచాలని ప్రతిఫలమని నాకు అనిపిస్తుంది. అయినా ఇష్టపడి చేసేవాళ్లున్నారు.)

రాసినామెది బిగుతు చెయ్యి కావచ్చు, అల్లేవాళ్లది వదులు చెయ్యి కావచ్చు. అందుకే ముందుగా 10 సెంటీమీటర్లకు కాస్త పెద్దదిగా ఒక చదరపు ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కుట్లు లెక్కపెట్టమంటారు. ప్యాటర్న్‌లో 10 సెంటీమీటర్లకు 20 కుట్లని రాసి ఉండి, మన చేతిలో 18 వచ్చాయనుకోండి. రెండే కదా అనిపిస్తుంది. కానీ ఛాతీ చుట్టూ 200 కుట్లు వేసే టాప్ 100 సెంటీమీటర్లు రావలసింది 111 అవుతుంది. అర జానెడు వదులన్నమాట. ఇక బరువు సంగతి. నూలు దారంతో అల్లిన టాప్‌ను మంచం మీద పరిచి కొలిస్తే ఒక పొడవు, తొడుక్కుని మధ్యాహ్నం దాకా తిరిగాక ఇంకో పొడవు. దాని బరువే దాన్ని కిందికి లాగుతుంది. బస్సులో పై కడ్డీ పట్టుకుంటే నడుము కనబడుతుందా, వంగి ఇల్లు ఊడిస్తే మెడ జారుతుందా, గాజుకు తగులుకుని దారం లేస్తుందా? ఇవి కాగితం మీదా తెలియవు, ఫొటోలోనూ తెలియవు. మంచి టెస్టరు అద్దం ముందు నిలబడి ఫొటో తీసుకోవడంతో సరిపెట్టుకోదు, అది తొడుక్కుని ఒక పూట ఇంటిపని చేసి చూస్తుంది.

నిర్గమకాండము 28వ అధ్యాయంలో అహరోను తొడుక్కోవలసిన నిలువుటంగీ వివరాలున్నాయి. నీలిరంగు, అంచు చుట్టూ దానిమ్మపండ్లు, వాటి మధ్య బంగారు గంటలు. చదివేవాళ్లకు గంటలే గుర్తుండిపోతాయి. అదే చోట, 32వ వచనంలో, తల దూర్చే రంధ్రం చినగకుండా దాని చుట్టూ నేతపని అంచు ఉండాలని ప్రభువు మోషేకు చెప్పాడు. బట్టలో ముందుగా దెబ్బతినే చోట్లలో మెడ ఒకటి. క్రోషే టాప్ మెడ చుట్టూ చివర్న బిగుతుగా రెండు వరుసలు వేయకపోతే కొన్ని ఉతుకుల్లోనే సాగి భుజాల మీదికి జారుతుంది. పరిశుద్ధస్థలంలోకి వేసుకెళ్లే వస్త్రానికి కూడా చినిగే చోటు ఒకటుంటుందని మన దేవుడు ముందే చూశాడు. యాజకుడు దాన్ని తల మీదుగా లాగి తొడుక్కునే మనిషి అని ఆయనకు తెలుసు. బంగారు గంటలతో పాటు ఆ మెడ అంచు కూడా ఆయన ఆజ్ఞే.

ఈ క్రోషే అల్లికతో ఆంధ్ర క్రైస్తవ సంఘానికి పాత బంధుత్వం ఉంది. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి గోదావరి తీరానికి వచ్చిన మిషనరీలు ఇక్కడి పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో అది కులమతాల తేడా లేకుండా ఇంటింటి పని అయింది. పువ్వులు ఒకరు అల్లుతారు, అతుకుపని ఇంకొకరిది. ఏజెంటు వచ్చి పట్టుకెళ్తాడు, ఎగుమతిదారు విదేశాలకు పంపుతాడు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో పుస్తకం వేసింది. రోజూ గంటల తరబడి అల్లే వీళ్లను పనివాళ్లుగా ఎవరూ లెక్కపెట్టలేదనీ, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగానే చూశారనీ ఆమె చూపించింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు గౌరవం దక్కింది, సంతోషమే. చేతికి దక్కే కూలి సంగతి వేరే మాట్లాడుకోవాలి. నన్ను ఆపేది మరొక విషయం. అరుగు మీద కూర్చుని అల్లే ఆమెకు, తాను అల్లిన కాలరు ఎవరి మెడకు చేరిందో, సరిపోయిందో లేదో, ఒక్క మాటైనా వెనక్కి రాదు. హన్నాకు ఏడాదికోసారైనా తన అంగీ కనబడేది. ఈమెకు అదీ లేదు.

ఇలా చేత్తో అల్లినవి తెచ్చుకున్న మనమైనా వాటిని తొడుక్కుంటున్నామా? అత్తగారు అల్లిచ్చిన లేసు జాకెట్టు, మేనత్త పంపిన క్రోషే కోటు బీరువాలో కవరులో ఉంటాయి. క్రిస్మస్‌కు తీసి, జనవరి ఒకటిన మళ్లీ లోపల పెడతాం. ఖరీదైనది, పాడవుతుందని భయం. నిజానికి అల్లిన బట్ట రోజువారీ వాడకానికి బాగానే పనికొస్తుంది. సందులు కనబడుతున్నాయంటే లోపల ఒంటిరంగు నూలు స్లిప్పు వేస్తే చాలు. పొట్టి కోటును సాదా కుర్తీ మీద వేసుకోవచ్చు. కుర్తీకి ప్రింటు లేకపోతే అల్లిక ఎత్తి కనబడుతుంది. ఆఫీసు ఏసీలో అది శాలువాకన్నా నయం. హ్యాంగరుకు మాత్రం తగిలించకూడదు, మడిచి పెట్టాలి. చల్లని నీళ్లలో చేత్తో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, చాప మీద పరిచి నీడన ఆరనివ్వాలి. దారం లేస్తే కత్తిరించకుండా హుక్కుతో లోపలికి లాగాలి. ఇంతే సేవ.

యొప్పేలో తబితా చనిపోయినప్పుడు మేడగదిలో ఏం జరిగిందో చూడండి. దొర్కా అని కూడా పిలిచే ఈమె ప్రసంగం చేసినట్టు లూకా ఎక్కడా రాయలేదు. ఆమె ప్రార్థన గురించీ రాయలేదు. పేతురు వచ్చేసరికి విధవరాళ్లు ఏడుస్తూ ఆయన చుట్టూ నిలబడి, ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. మరణించిన ఆమె పక్షాన మాట్లాడింది ఆమె కుట్టిన బట్టలూ, వాటిని పట్టుకుని నిలబడ్డ స్త్రీలూ. తబితా ఎక్కడో దూరాన ఉన్నవాళ్లకు కుట్టి పంపలేదు, వాళ్ల మధ్యనే ఉండి కుట్టింది. ఎవరికి భుజం పట్టేసిందో, ఎవరికి చెయ్యి పొట్టి అయిందో ఆమెకు రోజూ కనబడే ఉంటుంది. పొద్దున తొడుక్కుని నీళ్లకు వెళ్లిన పొరుగింటామె సాయంత్రం వచ్చి చెప్పే ఉంటుంది.

ఇక్కడ వాక్యం మనల్ని నిలదీస్తుంది. బట్ట బాగుందో లేదో అల్లినామె చెప్తే చాలదు, తొడుక్కున్నవాళ్లు చెప్పాలి. మన భక్తి ఎలా ఉందని మనమే సాక్ష్యం చెప్పుకుంటున్నాం, ఆదివారం నిలబడి మరీ. ఆ భక్తిని రోజూ ఒంటిమీద మోసేవాళ్లు వేరే ఉన్నారు. మన క్షమాపణ ఎంత పొట్టిదో కోడలికి తెలుసు. మన ఓర్పు ఏ చోట పిగులుతుందో పనిమనిషికి తెలుసు. ప్రార్థన ముగించి లేవగానే మన గొంతు ఎలా మారుతుందో పిల్లలకు తెలుసు. దానం ఇచ్చాం, ఉపదేశం ఇచ్చాం, సలహా ఇచ్చాం, అది వాళ్లకు సరిపోయిందా అని అడిగామా? అడగం. వినడానికి ధైర్యం చాలదు. టెస్టరు లోపం రాసి పంపితే ప్యాటర్న్ రాసినామె ఏడవదు, కోప్పడదు. ఆ వరుస విప్పుతుంది, లెక్క మారుస్తుంది, మళ్లీ పంపుతుంది. క్రోషే అల్లికలో హుక్కు మీద నిలిచి ఉండేది సాధారణంగా ఒక్క ఉచ్చే. అది వదిలి దారం లాగితే వరుసంతా ఊడిపోతుంది. కష్టపడి అల్లినదే, అయినా మళ్లీ అల్లుకోడానికి దారం చేతిలోనే ఉంటుంది.

హన్నా పోయినేటి అంగీ చూసి చిన్నబుచ్చుకుందని వాక్యంలో లేదు. ఏటేటా మళ్లీ కుట్టింది.

ప్రార్థన: ప్రభువా, చినిగే చోటును ముందే ఎరిగి దానికి అంచు వేయమన్నవాడివి నీవు. మా మాటలూ పనులూ ఎక్కడ బిగుతుగా ఉన్నాయో, ఎక్కడ పొట్టి అయ్యాయో మాతో బతుకుతున్నవాళ్లను అడిగే తగ్గింపు మాకు దయచేయి. వాళ్లు చెప్పినప్పుడు కోపం రానివ్వకు. విప్పి మళ్లీ అల్లే ఓపిక ఇవ్వు. కనబడని మెడలకోసం అరుగుల మీద కూర్చుని అల్లుతున్న మా అక్కచెల్లెళ్ల కళ్లనూ వేళ్లనూ కాపాడు, వాళ్ల కూలి వాళ్లకు న్యాయంగా చేరేలా చెయ్యి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

ఈ రోజు చేయవలసింది: బీరువాలో ఎవరో చేత్తో చేసిచ్చిన బట్ట ఉంటే తీసి, రేపు కూరగాయలకు వెళ్లేటప్పుడు తొడుక్కోండి. సాయంత్రం ఆ చేసినవాళ్లకు ఫోన్ చేసి ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ పట్టిందో ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ తర్వాత ఇంట్లో ఒక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని, నా ప్రవర్తన నీకు ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెప్పమని అడగండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా అడ్డు రాకండి.