కోపించిన దేవునికే మొర

క్రీస్తుపూర్వము 586 ప్రాంతమున బబులోను రాజగు నెబుకద్నెజరు సేనలు యెరూషలేము ప్రాకారములను కూల్చి, సొలొమోను కట్టించిన దేవాలయమును దహించిన పిదప, ఆ బూడిద ఇంకను చల్లారకమునుపే పుట్టినవా యనిపించు ఐదు శోకగీతములు తెలుగు బైబిలున 'విలాపవాక్యములు' అను పేర నున్నవి. హెబ్రూ భాషలో ఆ గ్రంథమునకు తొలి పదమే పేరు: 'ఏఖా', అనగా 'అయ్యో, ఎట్లు!' అని.

అందు నన్ను మిక్కిలి కలచివేయునది శత్రువుల క్రౌర్యము కాదు. కవి బబులోను పేరైనను ఎత్తడు. విల్లెక్కుపెట్టినవాడును, ఎలుగుబంటివలె పొంచియున్నవాడును, ప్రార్థన చొరరాకుండ మేఘముతో తన్ను కప్పుకొన్నవాడును దేవుడే యనును. తమ పాపమును దాచక ఒప్పుకొనుచునే, ఆకలిచే తల్లులు కన్నబిడ్డలను తినవలసిన దండన తగునా యని ఆతని మొగము మీదనే అడుగును. ఇంతటి నిష్ఠురమునకు పవిత్రగ్రంథమున చోటిచ్చిన సంప్రదాయమునకు చేతులెత్తి మ్రొక్కవలెను.

హెబ్రూ అక్షరములు 22. మొదటి నాలుగు గీతములును ఆ అక్షరక్రమమునే పట్టి నడచును. మూడవదానిలో అక్షరమునకు మూడేసి చొప్పున 66 వచనములు. కంఠము గద్గదమైనను అక్షరము తప్పకుండుట, పొంగివచ్చు ఏటికి గట్టు కట్టుట వంటిది. ఐదవ గీతమున వచనములు 22 ఉన్నవి గాని క్రమము లేదు; గట్టు తెగినది కాబోలు.

ఎలుగుబంటిని చూచిన ఆ కవియే, ఆ మూడవ గీతముననే, ప్రతిదినము ఉదయమున క్రొత్తదగు వాత్సల్యమును తలచుకొనును. అక్కడి 'రహమీం' అను మాటకును మాతృగర్భమును తెలుపు మాటకును ధాతువొక్కటే. కొట్టిన తల్లి కొంగునే పట్టుకొని ఏడ్చు బిడ్డను చూడనివారెవరు? అయినను ఆ ఆశ నిలువదు; 22 వచనములు నడచునప్పటికి మరల మేఘము కమ్మును. దీనిని చాంచల్యమని నేననను. ఆగ్రహమును కరుణయు ఒక్కనియందే యున్నవని నమ్మినవానికి తట్టుటకు వేరొక తలుపు లేదు.

ఆ దేవాలయ నాశమును తలచి శోకించు ఆబ్ మాసపు తొమ్మిదవనాటి ఉపవాసమున, రాత్రివేళ, యూదులు సమాజమందిరపు దీపములు తగ్గించి, నేలపైనో పొట్టి పీటలపైనో కూర్చుండి ఈ విలాపవాక్యములను చదువుదురు. తుది వచనమున మిగిలినది దేవుడు తమ్ము బొత్తిగా విడిచెనేమో యను భయమే. అది చదివియు వారు గ్రంథమును మూయరు. దానికి పైనున్న వచనమునకు మరలిపోయి, తమ్మును తనయొద్దకు త్రిప్పుకొమ్మను వేడుకోలును సభ యంతయు ఏకకంఠముగ మరియొకమారు పలుకును.