కరస్థలమందు జూదశాల



వీరశైవ గృహమునందు పుట్టిన బిడ్డకు గురువు ప్రసాదించు మహాధనము ఇష్టలింగము. దీక్షాకాలమున గురువు దానిని శిష్యుని వామ కరస్థలమందుంచి, ప్రాణముతో సమానముగా కాపాడుకొనవలెనని ఉపదేశించును. నాటినుండి ఆ అరచేయియే పీఠము. రెప్పవాల్చని చూపును లింగమునందు నిలిపి, నలుదిక్కులకు పరుగులిడు మనస్సును ఒక్కచోట కట్టివేయుట మన పూజావిధానము. భక్తుని దేహమే దేవాలయమని చాటిన బసవేశ్వరుని మార్గమున, ఆ దేవాలయమునకు గర్భగుడి ఈ కరస్థలమే.

ఆ అరచేతిలోనికే నేడు సెల్‌ఫోను వచ్చి చేరినది. వస్తువునందు దోషము లేదు. దూరదేశమున నున్న బిడ్డ ముఖమును తల్లికి చూపుచున్నది. రైతునకు పంట ధర తెలుపుచున్నది. మఠములలో జరుగు ప్రవచనములను మంచమునుండి లేవలేని వృద్ధులకు వినిపించుచున్నది. అయితే ఆ ఫోనులోనే, బ్రౌజరు అను కిటికీ తెరచి నాలుగక్షరములు కొట్టినంత మాత్రమున, ఒక జూదశాల తలుపు తెరచుకొనుచున్నది. ఆన్‌లైను క్యాసినో అని దానికి పేరు. ఉదయమున లింగమునుంచిన చేతిలో రాత్రి ఆ చక్రము తిరుగుచున్నది. లింగమునందు నిలువవలసిన రెప్పవాల్చని చూపు ఆ చక్రమునందు నిలుచుచున్నది. ఈ విషయమును గూర్చి మఠములును గృహములును మౌనము వహింపరాదు.

పూర్వము జూదమాడదలచినవాడు ఊరి వెలుపలి తోటకో, చీకటి గదికో పోవలసియుండెను. పోవునప్పుడు ఎవరో ఒకరు చూచెడివారు. పెద్దలు మందలించెడివారు. చేతనున్న రూకలు అయిపోయిన తోడనే ఆట ముగిసెడిది. లోకభయము, దూరము, ఖాళీ జేబు అను మూడు కంచెలు మనుష్యుని కొంతవరకు కాచుచుండెను. ఫోనులోని జూదమునకు ఈ మూడు కంచెలును లేవు. దుప్పటి క్రింద ఆడువానిని ప్రక్కనున్న భార్యయు చూడజాలదు. పోవలసిన దూరము లేదు. జేబుకు మారుగా బ్యాంకు ఖాతాయే ఫోనునకు కట్టబడియున్నది. అది ఖాళీయైనచో తక్షణ ఋణము లిచ్చు యాప్‌లు ఆ ఫోనులోనే కాచుకొనియున్నవి.

బ్రౌజరు ద్వారా ఆడుటలో మరియొక చిక్కు కలదు. యాప్‌ను దింపుకొన్నచో తెరపై దాని గుర్తు కనబడును. ఇంటివారు చూచి ప్రశ్నింపవచ్చును. బ్రౌజరులో ఆడువానికి దింపుకొనవలసినది ఏమియు లేదు. పుట మూసి, చూచిన పుటల జాబితాను చెరిపివేసినచో ఆనవాలు మిగులదు. ఇట్టి స్థలములను నడపువారు పెక్కురు పరదేశములందుండి అచటి అనుమతులతో వ్యాపారము చేయుచున్నారు. ప్రభుత్వము ఒక చిరునామాను మూసివేసిన, ఒక అక్షరమో అంకెయో మార్చి మరియొక చిరునామాతో ప్రత్యక్షమగుదురు.

శాసనము ఊరకుండలేదు. తెలంగాణ రాష్ట్రము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ జూద నిషేధ చట్టములను సవరించి, ధనము పణముగా నొడ్డు ఆన్‌లైను ఆటలను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించు చట్టము నామోదించెను. ధనముతో ఆడు ఆన్‌లైను ఆటలను నడపువారికి మూడు సంవత్సరములవరకు కారాగారము, కోటి రూపాయలవరకు జరిమానా అందు విధింపబడినవి. వాటిని ప్రకటించువారికిని, వాటికి ధనము చేరవేయువారికిని శిక్షలు గలవు. ఆడి మోసపోయినవానిని శిక్షించుట ఆ చట్టముయొక్క ఉద్దేశము కాదు. ఇది సముచితమే. అయినను శాసనము ఇంటి గడపవరకే రాగలదు. దుప్పటి క్రిందికి రాజాలదు. అచటికి రాగలిగినది ఆచారమొక్కటియే.

ఇక ఈ ఆటలోని లెక్కను చూతము. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని భాండారమునకు అధికారిగా నుండి లెక్కలు చూచిన మహనీయుడు. ఆయన మార్గమున నడచువారు లెక్కకు వెనుకాడరాదు. రూలెట్ అను చక్రమునందు సున్న మొదలు 36 వరకు 37 గడులుండును. ఒక అంకెపై నూరు రూపాయలు కాచి గెలిచినచో, కాచిన నూరును, దానికి 35 రెట్లును చేతికి వచ్చును. అనగా 3,600 రూపాయలు. కాని గడులు 37. ఒక్కొక్క తూరి నూరు చొప్పున 37 మార్లు కాచుటకు 3,700 రూపాయలు పోయవలెను. సగటున గెలుపు ఒక్కటి. పోసినది 3,700, వచ్చినది 3,600. ఆ నూరు రూపాయలు ఆట నడపువానివి. అతడు మోసము చేయనక్కర లేదు. చక్రమే అతనికొరకు పని చేయుచున్నది. ఒకనాడు ఒకడు గెలువవచ్చును. మానక ఆడువాడు ఓడక తప్పదు.

ఈ నష్టము స్వల్పమే గదా యని కొందరనుకొందురు. వేగమును లెక్కింపనందున అట్లు తోచును. బొమ్మలు గిరగిర తిరిగి ఆగు ఆటయందు ఆరు సెకనులకొక మారు మీట నొక్కువాడు గంటకు 600 మార్లు ఒడ్డును. మారునకు పది రూపాయలైనను గంటకు 6,000 రూపాయలు పణము. నూటికి నాలుగు నడపువాని పాలనుకొన్నచో గంటకు 240 రూపాయల నష్టము. రాత్రికి నాలుగు గంటలు, నెలకు ముప్పది రాత్రులు ఆడినచో అది 28,800 రూపాయలగును. పది రూపాయల ఆట ఒక చిరుద్యోగి నెల జీతమును మ్రింగివేయుచున్నది. ఆడువాడు మాత్రము తాను పది రూపాయలకు మించి ఏనాడును ఒడ్డలేదని ప్రమాణము చేయగలడు.

కొత్తవారికి వెయ్యి రూపాయలు ఉచితమను ఎర యొకటి కలదు. ఆ వెయ్యిని తీసికొనవలెనన్న ముందుగా దానికి ముప్పది రెట్లు ఒడ్డవలెనను నియమము సన్నని అక్షరములలో నుండుననుకొందము. అనగా 30,000 రూపాయల పణము. నూటికి నాలుగు చొప్పున అందు పోవునది సగటున 1,200. వెయ్యి యిచ్చి పన్నెండు వందలు లాగుకొనుటకు ఉచితమని పేరు పెట్టినారు.

మనస్సును పట్టు ఉపాయములును ఇందు గలవు. ఫలితము యంత్రమునందు ముందే నిర్ణయమగును. తిరుగు బొమ్మలు కంటి తృప్తి కొరకే. గెలుపు గుర్తు ఒక్క గడి దూరమున ఆగినట్లు కనబడినప్పుడు, ఇంచుకలో తప్పినదను భ్రాంతి కలిగి మరల మీట నొక్కును. ఇరువది రూపాయలు ఒడ్డి ఎనిమిది వచ్చినప్పుడు గంటలు మ్రోగును, నాణెములు రాలును. పోయిన పన్నెండు కంటికి కనబడవు. ఎప్పుడు వచ్చునో తెలియని ఫలమునకై ప్రాణి ఎంతసేపైన మీట నొక్కుచునే యుండునని మనస్తత్త్వశాస్త్రజ్ఞులు పావురములపై ప్రయోగములు చేసి ఏనాడో కనుగొనిరి. ఆ జ్ఞానమునే ఈ వ్యాపారులు మనుష్యులపై ప్రయోగించుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో జూదవ్యసనమును మానసిక రుగ్మతలలో చేర్చినది. ఆన్‌లైనులో ఆడు జూదమునకు ఆ పట్టికలోనే వేరుగా స్థానము గలదు. కావున దీనికి చిక్కినవానిని దుర్మార్గుడని తూలనాడుట తగదు. రోగిని చూచినట్లు చూడవలెను.

ఇచట కొందరు పురాణములనెత్తి ప్రశ్నింతురు. పార్వతీపరమేశ్వరులే పాచికలాడలేదా? ఎల్లోరా గుహలందు ఆ దృశ్యము చెక్కబడియుండలేదా? అరువదిముగ్గురు పురాతనులలో మూర్ఖ నాయనారు జూదమాడి, ఆ ధనముతో శివభక్తులకు అన్నము పెట్టలేదా? ఈ ప్రశ్నలను త్రోసివేయరాదు, సమాధానము చెప్పవలెను.

పరమేశ్వరుడు ఆడిన పాచికల కథలో ఆయన సమస్తము నోడిపోయెను. ఓడిన పిదప దిగంబరుడై అడవికి పోయెను. ఆయనకు ఇల్లు గడుపు చింత లేదు; బూడిదయే భూషణము. బిడ్డల చదువునకు దాచిన సొమ్ము నొడ్డు గృహస్థుడు ఆయనతో పోల్చుకొనుట ఎట్లు? ఇక మూర్ఖ నాయనారు తన ఆస్తినంతటిని భక్తుల అన్నదానమునకు ధారపోసిన పిమ్మట జూదమునకు దిగెను. గెలిచిన ధనమును తనకని ఉంచుకొనక దాసోహమునకే వెచ్చించి, భక్తులు భుజించిన పిదప తాను కడపట భుజించెనని పెరియపురాణము చెప్పుచున్నది. మనము నమస్కరించునది ఆయన భక్తికి. కన్నప్ప తన కన్ను పెకలించి శివునకిచ్చెను. ఆ కథ విని మన బిడ్డలను కన్నులు పెకలించుకొనుడని చెప్పుచున్నామా? పురాతనుల భక్తి మనకు శిరోధార్యము. వారి ప్రతి కార్యమును మనకు విధి కాదు.

మనకు విధియైనది పండ్రెండవ శతాబ్దమున కల్యాణమునందు స్థిరపడినది. అదియే కాయకము. అన్నము పెట్టుట యొక్కటే చాలదు. ఆ అన్నము ఏ చేతి కష్టమున వచ్చినదని కూడ అడుగవలెనని శరణులు నిర్ణయించిరి. ఆయ్దక్కి మారయ్య వృత్తాంతము ఇందుకు నిదర్శనము. నేల రాలిన బియ్యపు గింజల నేరుకొని తెచ్చుట ఆయన కాయకము. ఆ గింజలతోనే దంపతులు జంగమ దాసోహము చేసెడివారు. ఒకనాడు మారయ్య నిత్యముకంటె అధికముగా బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత అధికము మనకెందుకు, ఇది ఆశ కాదా యని నిలదీసి, అధికమైన దానిని తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. మారయ్య మారుమాటాడక పోయి పోసి వచ్చెను.

ఈ కథలోని ధర్మసూక్ష్మమును గమనింపుడు. మారయ్య దొంగిలింపలేదు, జూదమాడలేదు, నేలనున్న గింజలనే యేరెను. అయినను కష్టమునకు మించి వచ్చినది గావున లక్కమ్మ నిరాకరించెను. మీట నొక్కి వచ్చిన ధనమును గూర్చి ఆ తల్లి యేమనియుండునో వేరుగా చెప్పనక్కర లేదు. పైగా ఆ ధనము ఆకాశమునుండి రాలినది కాదు. గెలిచినవాని చేతికి వచ్చిన ప్రతి రూపాయియు, ఎక్కడనో ఓడిన మరియొకని యింట పొయ్యి ఆర్పి వచ్చినది.

రెండవ సూక్ష్మము గృహిణులకు సంబంధించినది. భర్త తెచ్చిన సొమ్ము ఎచటినుండి వచ్చినదని అడుగు అధికారము భార్యకు కలదని ఆనాడే లక్కమ్మ చూపెను. ఇంటిలోనికి హఠాత్తుగా సొమ్ము వచ్చినను, హఠాత్తుగా మాయమైనను ప్రశ్నింపుడు. అర్ధరాత్రి ఫోను, అకారణ కోపము, చెప్పక చేసిన అప్పు, తాకట్టుకు పోయిన నగ అను నాలుగు గుర్తులు కనబడినచో మౌనము వహింపకుడు. అడుగుట అవిధేయత కాదు, అదియే సదాచారము.

మఠములకును ఒక మాట విన్నవింపవలసియున్నది. జూదమున గెలిచిన ధనములో కొంత దాసోహమునకిచ్చి పుణ్యము కట్టుకొనవచ్చునని తలచువారు లేకపోలేదు. అట్టి కానుకను స్వీకరింపరాదు. స్వీకరించినచో ఆటకు మఠము ముద్ర వేసినట్లగును. అయితే కానుకను నిరాకరించుటతో మనుష్యుని నిరాకరింపకుడు. సొమ్మును వెనుకకు పంపి, అతనిని పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డింపుడు. అతనికి కావలసినది ఆ పంక్తియే. గణాచారమనగా సమాజమున చొరబడిన కీడును సహింపకుండుట. భృత్యాచారమనగా కీడున పడినవానికి సేవ చేయుట. ఈ రెండును ఏకకాలమున నడువవలెను.

వ్యసనమున చిక్కినవాడు చేయవలసిన పనులు కొన్ని కలవు. మొదట తనవారిలో ఒకరికి ఉన్నదున్నట్లు చెప్పవలెను. జూదమునకు ప్రాణము రహస్యమే. పిదప బ్యాంకు ఖాతాను, చెల్లింపు యాప్‌లను కొంతకాలము నమ్మకమైన కుటుంబసభ్యుని అధీనమునందుంచవలెను. పోయినదానిని రాబట్టుటకని మరల ఒడ్డరాదు. అప్పుల నూబిలోనికి నెట్టునది ఆ తలంపే. బంధువులు అప్పు తీర్చుటకని నగదు చేతికీయక, అప్పులవారికే నేరుగా చెల్లించుట మేలు. మనస్సు చేయి దాటినప్పుడు, ముఖ్యముగా ప్రాణము తీసికొనవలెనను తలంపు కలిగినప్పుడు, ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి మానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేయవలెను. అది రేయింబవళ్లు పనిచేయును, రుసుము లేదు. ఆన్‌లైనులో మోసపోయి సొమ్ము పోగొట్టుకొన్నవారు వెంటనే 1930 సంఖ్యకు తెలుపవలెను. వైద్యుని ఆశ్రయించుట భక్తికి లోపము కాదు.

యువకులకు కడపటి మాట. మీ అరచేయి చిన్నది. అందు రెండు వస్తువులు ఒకేసారి నిలువవు. ప్రతిదినము ఉదయము స్నానానంతరము ఫోనును తెరువకముందే లింగమును చేతబట్టుడు. పది నిమిషములైనను చూపు నిలుపుడు. నిలుచుట నేర్చిన చూపును తిరుగు చక్రము సులభముగా లాగుకొనజాలదు. పిదప లేచి మీ కాయకమునకు పొండు. సాయంకాలమునకు చేతికి వచ్చినది పిడికెడు గింజలైనను, అది మీది. అందులో ఒక ముద్ద జంగమునకు పెట్టిన నాడు ఆ యిల్లు కల్యాణమగును.

శరణు శరణార్థి.