పిట్ట లేని వేటలో హింస

గాలిలోకి ఎగిరిన బిళ్లను తుపాకీతో పగలగొట్టే ఆటలో ఏ ప్రాణమూ పోదు. ఆడేవారి చేతిలో ఉన్నది మాత్రం ప్రాణం తీయగల ఆయుధమే. అందుకే సరదా కోసం ఒక సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ కొనుక్కోవడం కూడా ధర్మమీమాంసకు లోబడిన విషయం. హింస వస్తువులో ఉంటుందా, దాన్ని పట్టుకున్న మనసులో ఉంటుందా అన్నది అందులోని ప్రశ్న.

ఢిల్లీలోని వసంత్ కుంజ్ నుంచి ఈ ఆటకు వెళ్లేవారికి ఆ ప్రశ్న దారిలోనే ఎదురవుతుంది. 1982 ఆసియా క్రీడల నాటి షూటింగ్ రేంజ్ తుగ్లకాబాద్‌లో ఉంది. అయిదు ఒలింపిక్స్‌లో పాల్గొన్న బికనీర్ మహారాజు కర్ణీ సింగ్ పేరు దానికి పెట్టారు. మెహ్రౌలీ మీదుగా వెళితే కుతుబ్ మీనార్ సమీపంలో అహింసా స్థల్ కనిపిస్తుంది. అక్కడ గుట్ట మీద జైన తీర్థంకరుడు మహావీరుడి భారీ శిలావిగ్రహం ధ్యానంలో కూర్చుని ఉంటుంది. ఆ పక్క రోడ్డు పేరు అణువ్రత్ మార్గ్. జైనంలో మునులు పాటించేవి మహావ్రతాలు, గృహస్థుకు చెప్పినవి అణువ్రతాలు. తుపాకీ కొనేవాడు గృహస్థు కాబట్టి అతన్ని అడగవలసింది ఈ రెండో కొలతతోనే.

జైనాచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ ప్రాణహానితో పాటు దాని వెనుక ఉన్న ప్రమత్తతను, అంటే ఏమరుపాటును కూడా లెక్కలోకి తీసుకుంది. తెలుగులో నేడు ప్రమాదమంటే రోడ్డు మీద జరిగేది. సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం ఏమరుపాటు. జరిగిన కీడుకూ, దానికి దారితీసిన పరాకుకూ ఒకే మాట మిగలడం తెలుగువారికి దక్కిన మంచి పాఠం. సమంతభద్రుడి రత్నకరండక శ్రావకాచారం ఇంకా ముందుకు వెళ్లి, ప్రయోజనం లేని కీడును అనర్థదండమని పిలిచింది. ఆయుధాలను ఇతరుల చేతికివ్వడం, ఏమరుపాటుగా ప్రవర్తించడం రెండూ అందులోకే వస్తాయి.

వినోదానికి ఆడేవారిని ప్రయోజనం ఏమిటన్న ఈ ప్రశ్న ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో, బిళ్లలు కాల్చే ట్రాప్ పోటీలో భారత పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. అందులో హైదరాబాదీ కైనన్ చెనాయ్ ఉన్నాడు. అలాంటివారికి తుపాకీ వృత్తి సాధనం. దసరా ఆయుధపూజలో లారీకీ కుట్టుమిషనుకూ బొట్టు పెట్టే సంప్రదాయం వారి పక్షాన నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ ఆయుధమంటే పనిముట్టు. ఆదివారం సరదాగా కాల్చేవారికి ఆ వాదన పూర్తిగా సరిపోదు.

వారి పక్షాన ఉన్నది ఆట చరిత్రే. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో బతికున్న పావురాలను వదిలి కాల్చారు. అప్పటికే ప్రత్యామ్నాయం ఉంది. అమెరికాలోని సిన్సినాటికి చెందిన జార్జ్ లిగౌస్కీ 1880లో మట్టి బిళ్లకు పేటెంట్ పొందాడు. ఇప్పటి బిళ్ల సున్నపురాయి పొడి, పిచ్ అనే జిగురు కలిపి చేసేది. పోటీల్లో దాని వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. చంపాలనే సంకల్పమే ఇందులో లేదు. సంకల్పాన్ని బట్టి కర్మను తూచే బౌద్ధుల లెక్కలో ఇది పెద్ద మార్పే. ఇక మిగిలింది ఏమరుపాటు. తుపాకీ ఎంపికను తూచవలసింది దానితోనే.

ఒకదాని మీద ఒకటి గొట్టాలున్న ఓవర్ అండర్ తుపాకీని మధ్యకు విరిస్తే ఖాళీగా ఉందో లేదో పక్కనున్నవారికీ తెలుస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో తూటా లోపల దాగి ఉంటుంది. ఒకసారి కాలిస్తే తర్వాతిది దానంతటదే గొట్టంలోకి వస్తుంది. అంటే యంత్రం చేసే పని పెరిగేకొద్దీ మనిషి మెలకువ కూడా పెరగాలి. కాల్చని సమయమంతా బోల్ట్ వెనక్కి లాగి తెరిచే ఉంచాలన్న నియమం అందుకే. కాల్చిన తూటా డొల్లలు పక్కకు ఎగిరి పొరుగువారికి తగులుతాయి కనుక, నిలబడే చోటునూ చూసుకోవాలి.

సెమీ ఆటోమేటిక్ పక్షాన గట్టి కారణమూ ఉంది. వీటిలో గ్యాస్ రకం, మందు కాలిన వాయువులో కొంత భాగంతో పిస్టన్‌ను నెడుతుంది, అందువల్ల భుజానికి తగిలే తన్ను మెత్తబడుతుంది. చిన్న ఒళ్లువారికీ, వయసు మళ్లినవారికీ అలసట తగ్గితే ధ్యాస చెదరదు. దాని లోపల మసి పేరుకుంటుంది, తరచూ విప్పి తుడవాలి. తుపాకీ వెనక్కి తన్నే జోరుతోనే పనిచేసే ఇనర్షియా రకం శుభ్రంగా ఉంటుంది, కానీ తన్ను ఎక్కువ. పోటీల్లో వాడే 24 గ్రాముల తేలికపాటి తూటాలతో కొన్ని సెమీ ఆటోమేటిక్‌లు సరిగా పనిచేయవు. తూటా ఇరుక్కున్నప్పుడు చిరాకుతో తుపాకీని అటూ ఇటూ తిప్పడం కన్నా పెద్ద ప్రమత్తత రేంజ్‌లో లేదు. అందుచేత వాడబోయే తూటాతోనే పరీక్షించి, తుపాకీ మడమ భుజానికీ చెంపకూ కుదిరినదాన్నే తీసుకోవాలి. పేరున్న బ్రాండు ఆ తర్వాతి మాట. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. కావాలనుకున్న రకానికి ఆ లైసెన్సు ఇస్తారో లేదో కొనకముందే అధికారుల దగ్గర తేల్చుకోవాలి.

తుపాకీ మార్చినా తీరని కీడు ఒకటుంది. తూటాలోని సీసపు గుళ్లు నేలలో మిగిలిపోతాయి. గింజలనుకుని, అరుగుదలకు పనికొచ్చే రాళ్లనుకుని పక్షులు వాటిని మింగి విషం పాలవుతాయి. ఆ కారణంతోనే అమెరికా 1991లో నీటిపక్షుల వేటకు సీసాన్ని నిషేధించింది. తుగ్లకాబాద్‌కు దక్షిణాన అసోలా భట్టీ అభయారణ్యం ఉంది, అక్కడ నెమళ్లు తిరుగుతాయి. పావురాన్ని తప్పించిన ఆట నెమలిని కూడా తప్పించాలంటే, సీసానికి బదులు వాడే ఉక్కు గుళ్లను గొట్టం తట్టుకుంటుందా అన్న ప్రశ్నను కూడా దుకాణంలో అడగాలి, రేంజ్ నేలలోని సీసాన్ని ఏరి తీస్తున్నారా అని నిర్వాహకులనూ అడగాలి.