ఇరుసు లేవదు

కమాన్‌ను ఇరుసుకు బిగించే యూ బోల్టు ఎంత పొడుగుది కావాలో చెప్తే చాలు, బండి ఓనరు కోరిక ఎంత పొడుగో నాకు తెలిసిపోతుంది. ట్రూప్‌బజార్‌లో మాది నట్లు, బోల్టులు, వాషర్ల దుకాణం. కంపెనీ బోల్టు కన్నా అంగుళంన్నర ఎక్కువ అడిగేవాడికి ఎక్కడో పొలం ఉంటుంది. ఆరంగుళాలు ఎక్కువ అడిగేవాడికి పొలం ఉండదు, సినిమాహాలు ముందు బండి ఆపుకునే చోటు ఉంటుంది.

మా మేనల్లుడు మొదటి రకం. ఇసుజు వి-క్రాస్ పికప్ కొన్నాడు. శ్రీసిటీలో 2016లో మొదలైన ఫ్యాక్టరీ నుంచి వచ్చే బండి అది. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టీలు. వాళ్ల మామిడితోట వికారాబాద్ అవతల. అనంతగిరి గుట్టల మీద పడిన వాన అంతా బుద్ధిగా మూసీలోకే పోదు, కొంత వీళ్ల బాటను కోసుకుంటూ పోతుంది. మిగిలిన బాటను ట్రాక్టర్లు రెండు గాడులుగా తొక్కేశాయి, నడుమ గట్టు మిగిలింది. ఆ గట్టుకు బండి కడుపు రాసుకుంటోంది.

"రెండించులు లేపిద్దాం మామా. ఎక్కువొద్దు, రెండంటే రెండే" అన్నాడు.

వాడు మితంగానే అడిగానని అనుకున్నాడు. నాకు ఆ 'రెండే' దగ్గర అనుమానం పట్టుకుంది. ఒకటిన్నర ఎందుకు కాదు? బజార్లో నాలుగంగుళాల కిట్టు దొరుకుతోంది కాబట్టి రెండు మితంగా కనిపిస్తోంది. రేపు ఎనిమిదంగుళాలది వస్తే నాలుగు కూడా సన్యాసమే అవుతుంది. మధ్యమ మార్గాన్ని ఇలా చీరెడు గుడ్డను సగానికి మడిచినట్టు చదివే పెద్దమనుషులను నేను చాలామందిని ఎరుగుదును. గీత ఆరో అధ్యాయంలో తిండికీ నిద్రకూ చెప్పిన హద్దును కూడా వాళ్లు సగం కంచం, సగం రాత్రి అని లెక్కగడతారు. సోణుడనే భిక్షువుకు బుద్ధుడు వీణ తీగల సంగతి చెప్పాడు కదా. బిరడాను సగం తిప్పి ఆపమని ఆయన చెప్పలేదు. తీగ శ్రుతిలో పలకాలన్నాడు. ఆ శ్రుతి పలికేది సగంలోనో, పావులోనో, తిప్పి వింటేనే తెలుస్తుంది.

మరి బండికి శ్రుతి ఏది? నాకు గ్రీకు తత్వవేత్త ఎపిక్టెటస్ గుర్తొచ్చాడు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో దొరికిన ఆయన చిన్న చేతిపుస్తకం మా గల్లాపెట్టెలోనే ఉంటుంది. బానిసగా బతికి, కుంటికాలితో నడిచి తత్వం చెప్పిన మనిషి. ఆస్తికి కొలత ఒళ్లేనంటాడు, చెప్పుకు పాదం కొలత అయినట్టు. పాదాన్ని దాటి చెప్పు గురించి ఆలోచించడం మొదలుపెడితే ముందు బంగారు పూత కావాలనిపిస్తుంది, తర్వాత ఊదారంగు, ఆ తర్వాత జరీపని. కొలత దాటినదానికి ఇక హద్దుండదు.

ఇది చదివి తలెత్తితే ఎదురుగా అబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆంతరంగిక సేవకుడు ఆల్బర్ట్ అబిడ్ పెట్టిన దుకాణం వల్ల ఈ పేటకు ఆ పేరు. తొడిగిన బట్ట మళ్లీ తొడగడని ఆ నిజాముకు పేరు. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా 176 అడుగుల పొడుగు, ఇప్పటికీ వెళ్లి చూడొచ్చు. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు 184.75 కేరట్ల జేకబ్ వజ్రం దొరికింది తండ్రి బూటు ముక్కులోనే. దాన్ని ఆయన పేపర్‌వెయిట్‌గా వాడుకున్నాడంటారు. ఎపిక్టెటస్ జరీపని దగ్గర ఆగిపోయాడు పాపం, హైదరాబాద్ చూడలేదు.

మేనల్లుడికి ఇదంతా చెప్పాను. "అవసరమే కొలత రా. దారిలో రాయి ఎంతెత్తుంటే అంత. మన వామనుడూ ఇదే కదా అన్నది. బలి ఇంకా అడుగు, ఇంకా అడుగు అంటుంటే, మూడడుగుల నేలతో తీరనివాడికి ద్వీపం ఇచ్చినా తీరదన్నాడు. తన పాదమే తనకు కొలత."

వాడు నవ్వాడు. "ఆ పాదం తర్వాత ఎంతయింది మామా?"

కస్టమరు వచ్చి హెక్స్ బోల్టులు అడగబట్టి బతికిపోయాను, లేకపోతే అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సి వచ్చేది. వాడు సరదాకే అన్నాడు కానీ ఆ మాట ఎపిక్టెటస్ కింద నేలను లాగేసింది. పాదం పెరగదన్న నమ్మకం మీద ఆయన వాదం నిలబడింది. పోతన భాగవతం విన్న ఇంట్లో పుట్టినవాడు అంత ధీమాగా ఉండలేడు. అవసరం కూడా ఎదుగుతుంది. లేపిన బండి ఉన్నవాడు నిన్న వెనక్కి తిప్పుకున్న చోట ఇవాళ ముందుకు పోతాడు. అక్కడ ఇంకాస్త పెద్ద రాయి ఉంటుంది, దానికి ఇంకాస్త ఎత్తు అవసరమే అవుతుంది, అబద్ధం కాదు. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరద చూసినప్పటి నుంచి ఊళ్లోవాళ్లు కూడా నీళ్ల కోసమే లేపిస్తున్నామంటున్నారు. రెండడుగుల లోతున జోరుగా పారే నీరు చాలా బండ్లను తేల్చి ఈడ్చుకుపోతుంది. అక్కడ రెండంగుళాల లిఫ్ట్ చేసేదేమీ లేదు. కానీ ఆ రెండంగుళాలు ఇచ్చే ధైర్యం మాత్రం రెండడుగులుంటుంది.

నాంపల్లి స్టేషన్ దాటి యూసుఫైన్ దర్గా వైపు పోయే దారిలో ఒక కమాన్ మిస్త్రీ ఉన్నాడు. మా దుకాణం పాత ఖాతాదారు. బండి అక్కడికే తీసుకెళ్లాం. గురువారం సాయంత్రం, దర్గాకు పోయే జనం, పూల బుట్టలు, ఆ రద్దీలోనే ఆయన అట్టముక్క పరుచుకుని బండి కిందికి దూరాడు.

"ఎంత లేపాలె భాయ్?" అన్నాను.

"అది తర్వాత సేఠ్. ఏడేడ తాకిందో సూడనీయండ్రి."

టార్చి వేసి గీతలు లెక్కపెట్టాడు. ఎక్కేటప్పుడు కాలు పెట్టే పక్క మెట్లు రెండు వైపులా వంగాయి. ముందు ఇంజిన్ కింది రేకు మీద ఒక పొడుగు గీత. వెనక ఇరుసు నడుమ, గేర్లుండే డిఫరెన్షియల్ గుండు అడుగున పెయింటు మొత్తం పోయి ఇనుము మెరుస్తోంది.

"గిది లేవదు బాబూ" అన్నాడు ఆ గుండు మీద తట్టి. "కమాన్ మీదున్నదే లేస్తది. కమాన్ కిందున్నది ఏడున్నదో ఆడ్నే ఉంటది."

ఇన్నేళ్లు యూ బోల్టులు అమ్మి నేను సరిగ్గా ఆలోచించని సంగతి అది. వెనక ఇరుసు ఒకే దిమ్మ, రెండు చివర్లా చక్రాలు. దాని ఎత్తు టైరు మీదే ఆధారపడి ఉంటుంది. టైరు వ్యాసం ఒక అంగుళం పెంచితే ఇరుసు అరంగుళం లేస్తుంది. కమాన్‌కూ ఇరుసుకూ నడుమ దిమ్మ పెట్టి ఎంత లేపినా లేచేది ఛాసిస్, క్యాబిన్, సీటు, సీట్లో కూర్చున్నవాడు. బరువంతా మోసే ఇరుసు మాత్రం గట్టుకు రాసుకుంటూనే పోతుంది. తోటబాటలో గట్టుకు అన్నిటికన్నా గట్టిగా తాకుతున్నది అదే మరి. దానికి మిస్త్రీ చెప్పిన మందు డ్రైవింగే: గట్టును రెండు చక్రాల నడుమ వదలకుండా ఒక చక్రం దాని మీదికి ఎక్కించి పొమ్మన్నాడు.

త్రివిక్రముడి కథలో మనం పాదం ఎంత పెరిగిందో చెప్పుకుని ఆనందిస్తాం. అది చివరికి ఎక్కడ దిగిందో అంతగా పట్టించుకోం. రెండడుగులకు భూమీ ఆకాశమూ అయిపోయాయి. మూడోదానికి ఒక తల కావాల్సి వచ్చింది. బలి తనంతట తాను వంచాడు కాబట్టి అది భక్తి కథ అయింది. అబిడ్స్‌లో జవహర్‌లాల్ నెహ్రూ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర నిలబడ్డ స్కూటరు మనిషిని ఎవరూ అడగరు. లేపిన బండి బంపరు ఆయన నడుము దాటి వీపుకు వస్తుంది. సరిచేయని హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో పడతాయి. బానెట్ ముందున్న చిన్నపిల్ల డ్రైవరుకు కనిపించే దూరం ఇంకొంచెం వెనక్కి జరుగుతుంది. బరువు పైకి పోయిన కొద్దీ మలుపులో దొర్లే ప్రమాదం పెరుగుతుంది, అప్పుడు పక్కన పోయేవాడు కూడా దాని కిందే. కాబట్టి నా అవసరాన్ని నా పాదంతో కొలిస్తే చాలదు. అది దిగే తల ఎవరిదో చూసి కొలవాలి. గ్రీకు పెద్దాయన ఒప్పుకుంటాడో లేదో నాకు తెలీదు.

మోటారు వాహనాల చట్టం సంగతి వాడికి గుర్తుచేశాను. తయారీదారు ఇచ్చిన నమూనాకు తేడా వచ్చేలా బండిని మార్చరాదని సెక్షన్ 52 కింద 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అదే ఏడాది సవరణలో ఓనరుకు ఒక్కో మార్పుకు ఐదు వేలు జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ చేర్చారు. నాకు ఆ చట్టం కొంచెం మొద్దుగా అనిపిస్తుంది, కొండబాట మనిషినీ షోకు మనిషినీ ఒకే గాటన కడుతుంది. అయినా అది గీసిన గీత మన కోరికకు బయట ఉంది, ఆ మేరకు దాని మీద గౌరవమే.

మిస్త్రీ టేపుతో చక్రం నడుమ నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచాడు. వెనక కమాన్లు మామిడి పెట్టెల బరువుకు ఎప్పుడో కూర్చున్నాయి. మా వాడు అడుగుతున్న రెండంగుళాల్లో చాలా భాగం కొత్తగా కావాల్సింది కాదు, పోగొట్టుకున్నదే. పట్టీలు విప్పి, వంపు కొట్టి, టెంపర్ పెట్టి కంపెనీ ఎత్తుకు తెస్తానన్నాడు. వెనక కూర్చోవడం వల్ల ఎదుటివాళ్ల కళ్లలోకి పోతున్న లైట్లు కూడా దాంతో దిగుతాయన్నాడు.

"ముందుది?" అన్నాడు మేనల్లుడు, ఆశ చావక.

"వానాకాలం తిరిగి రా బాబూ. కొత్త గీతలు పడితే అప్పుడు మాట్లాడదాం. ఇప్పటికి ఈ మెట్లు పీకేస్తే సాలు."

పక్క మెట్లు తీసేస్తే కిందికి వేలాడేది పోయి బాటకూ బండికీ నడుమ నాలుగు వేళ్ల జాగా వచ్చింది. ఒక్క అంగుళం లేపకుండా. త్యాగంతో ఎత్తు సంపాదించామని నేను దారి పొడుగునా వాడికి ఉపన్యాసం ఇచ్చాను, యూ బోల్టులు ఐదొందల కిలోమీటర్లకు మళ్లీ బిగించుకోమని మిస్త్రీ చెప్పిన అసలు మాట మధ్యలో మర్చిపోయేటంతగా.

మర్నాడు పొద్దున్నే మా అక్క ఫోను.

"తమ్మీ, నీ వేదాంతం మంచిగనే ఉన్నది. మోకాళ్ల నొప్పులతోటి నేను బండి ఎట్ల ఎక్కాలె?"

పీట కొనివ్వమన్నాను. పీట వేసేందుకు ప్రతిసారీ కొడుకు దిగాలట. దిగనీ అన్నాను. మెట్లు తిరిగి బిగించాలని తల్లి, వద్దని కొడుకు, ఆ వ్యాజ్యం ఇంకా నడుస్తోంది.