దారిన పోయేవారి హక్కు

“ఇంట్లో వలీమా పెట్టుకున్నాం. ఒక్క రోజే కదా మౌలానా, రోడ్డు మీద షామియానా వేస్తే తప్పేమిటి?” ములకలపల్లిలో ఒక సోదరుడు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఇది.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. ఏ ఒక్కరికో కాక ప్రజలందరికీ, లేదా చుట్టుపక్కల ఉండేవారందరికీ హాని, ప్రమాదం, ఇబ్బంది కలిగించే పనిని ‘పబ్లిక్ న్యూసెన్స్’ అంటారు. భారత శిక్షాస్మృతి 268వ సెక్షన్‌లోని ఈ నిర్వచనం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షన్‌లోకి వచ్చింది. ప్రత్యేకంగా శిక్ష చెప్పని న్యూసెన్సుకు పూర్వం 200 రూపాయల వరకు ఉన్న జరిమానా ఇప్పుడు 1000 వరకు పెరిగింది. దారికి అడ్డం కల్పిస్తే 5000 వరకు వేయవచ్చు. అధికారి ఆపమని ఆదేశించినా ఆపకపోతే ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు పెట్టరాదన్న 2000 నాటి నిబంధన, జల్సాలు జరిపే మనకూ వర్తిస్తుంది సుమా!

ఆ నిర్వచనంలోనే మరో మాట ఉంది. ఆ పని వల్ల కొందరికి సౌకర్యమో లాభమో కలిగిందన్న కారణంతో న్యూసెన్సు క్షమార్హం కాదు. శుభకార్యమైనా అంతే.

దారుల్లో కూర్చోవద్దని దైవప్రవక్త (సఅసం) వారించినప్పుడు, తాము కూర్చుని మాట్లాడుకోవడానికి అవే చోట్లని సహచరులు విన్నవించుకున్నారు. అలాగైతే దారి హక్కు చెల్లించమన్నారాయన. ఇతరులకు బాధ కలిగించకపోవడం ఆ హక్కుల్లో ఒకటి.

జరిమానా కడితే కోర్టు లెక్క తీరుతుంది. దాసుల హక్కు సంగతేమిటి? పొరుగువాణ్ణి బాధిస్తే వెళ్ళి క్షమాపణ అడగవచ్చు. కాని షామియానా దగ్గర ఆగిపోయిన ఆటోలో ఎవరున్నారో మనకేం తెలుసు? అడవి పల్లె నుంచి పురిటి నొప్పులతో కొత్తగూడెం ఆసుపత్రికి బయలుదేరిన కోయ సోదరి కావచ్చు. రేపు ఆమెను ఏ గూడెంలో వెతుకుతాం? పేరు కూడా తెలియని మనిషి హక్కు మన మెడకు చుట్టుకుంటే విడిపించుకునే దారేది? పబ్లిక్ న్యూసెన్సులోని అసలు భయం మాకు ఇక్కడే కనిపిస్తుంది.

సోదరుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. “పెరడు చిన్నది మౌలానా, రెండు బంతులుగా వడ్డించాల్సి వస్తుంది” అన్నాడు చివరికి. రెండో బంతిలో మేమూ కూర్చుంటామన్నాం.