వెయిటెడ్డా, అన్‌వెయిటెడ్డా?

క్యాలెండర్ ఉగాది మార్చి 19న అయిపోయింది. మన సంఘం ఉగాది మాత్రం హాలు దొరికిన రోజున, ఏప్రిల్ 25న. కాబట్టి ఉగాది సంచిక వ్యాసానికి బోలెడు టైముందని నిశ్చింతగా ఉన్నాను. ఆదివారం రాత్రి ఎడిటర్ గారి మెసేజ్ వచ్చింది: "మేడమ్, పరాయి గడ్డ మీద మన విలువలు. రెండు పేజీలు. బుధవారానికి."

ఏం రాయాలో తోచలేదు. డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్‌లో తల దూర్చి కూర్చున్న మా అమ్మాయిని అడిగాను. "మన వాల్యూస్ గురించి రాయాలిట. నువ్వేమంటావే?"

తలెత్తకుండానే అంది. "వెయిటెడ్డా, అన్‌వెయిటెడ్డా?"

నవ్వేశాను. గిన్నెలు తోముతుంటే మాత్రం ఆ మాట పోపులో మాడిన ఆవగింజలా నోట్లోనే ఉండిపోయింది. విలువ అంటే ఈ పిల్లకి ముందుగా గుర్తొచ్చేది జీపీఏ. అలా గుర్తొచ్చేలా పెంచింది నేనే.

సరిగ్గా ఈ సమయంలోనే నాకు ఓటొకటి వచ్చి పడింది. పోయినేడాది సిటిజన్‌షిప్ వచ్చింది. మే 2న మా స్కూల్ బోర్డులో మూడు స్థానాలకి ఎన్నికలు. కొత్త సంవత్సరం పేరేమో పరాభవ. పోటీలో ఉన్నవాళ్ళకి ఎవరూ చెప్పకపోతే మంచిది. ఎడిటర్ గారికి మాటిచ్చాను, ఎవరి పక్షమూ తీసుకోను, రెండు వైపులా చెబుతాను అని. ప్రయత్నిస్తాను.

మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి మూడు నెలలైంది. వాకిట్లో గుచ్చిన బోర్డులు చూసి, "ఓటుకెంత ఇస్తున్నారమ్మా?" అన్నారు.

"ఏమీ ఇవ్వరు అత్తయ్యా. గెలిచినవాళ్ళకి కూడా జీతం ఉండదు."

"జీతం లేదా? మరి దేనికోసం నిలబడ్డట్టు?"

నాకు తెలిసిన జవాబు చెప్పాను. ఏడుగురు ట్రస్టీలు. సూపరింటెండెంట్‌ని పెట్టేదీ తీసేదీ వాళ్ళే. బడ్జెట్టూ, టాక్స్ రేటూ, ఏ బడి ఉంచాలి, ఏది మూయాలి అన్నదీ వాళ్ళ చేతిలోనే. ప్లేనోలో నాలుగు బడులు మూతపడినప్పుడు మనమంతా వాట్సాప్‌లో ఏడ్చాం కానీ, ఆ నిర్ణయం తీసుకునే కుర్చీలకి ఎన్నిక జరిగినప్పుడు మనలో ఎందరం వెళ్ళాం? అత్తగారు అంతా విని, "అది సరే, దేనికోసం నిలబడ్డారో వాళ్ళనే అడుగు" అన్నారు. ఇన్ని రోజులుగా నేను చదివిన కరపత్రాలన్నిటికన్నా పనికొచ్చిన సలహా అదే.

అడిగాను కూడా. మా కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో అభ్యర్థులతో పరిచయ సమావేశం పెట్టారు. ఒకాయన కుర్తా వేసుకొచ్చాడు. చేతులు జోడించి నమస్తే అన్నాడు. ఆయన సగం ఓట్లు అక్కడే పడిపోయాయి; మనం కుర్తాకి కరిగినంతగా దేనికీ కరగం. "మీ కుటుంబ విలువలూ మావీ ఒకటే" అన్నాడు. చప్పట్లు. నేనూ కొట్టాను. లైబ్రరీలో చెత్త పుస్తకాలుండవు, తల్లిదండ్రుల మాటే చెల్లుతుంది అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

ఆయన మాటల్లో న్యాయం లేకపోలేదు. పిల్లలు ఏం చదువుతున్నారో తెలుసుకోవాలని ఏ తల్లికి ఉండదు? కానీ 2025లో వచ్చిన టెక్సస్ చట్టంతో కొత్త పుస్తకాల జాబితాని నెల ముందే బయటపెట్టి బోర్డే ఆమోదించాలి. మన పిల్ల ఏ పుస్తకం తెచ్చుకుందో మనం చూసుకునే వీలుండాలి. ఫోన్లు కూడా పోయిన ఆగస్టు నుంచి బడి వేళల్లో బంద్. ఆయన చేస్తానన్నవాటిలో చాలావరకు ఆస్టిన్‌లోని చట్టసభ అప్పుడే చేసేసింది. ఇంకా ఏం తీసేస్తారని అడిగితే సూటిగా చెప్పలేదు.

ఆయన మీద పోటీ చేస్తున్నావిడ రిటైరైన టీచరు. నమస్తేలు లేవు, నోట్‌బుక్ ఉంది. హైస్కూల్లో కౌన్సెలర్లని పెంచాలంది. ఒక్కో కౌన్సెలర్‌కి 250 మందికి మించి పిల్లలుండకూడదని వాళ్ళ జాతీయ సంఘమే అంటుంది, మన దగ్గర ఎంతమందున్నారో మీ పిల్లల్నే అడగండి అంది. మరి డబ్బెక్కడిది అని వెనకనుంచి ఎవరో అన్నారు. లేదండీ అంది. ఒక్కో పిల్లకి రాష్ట్రం లెక్కగట్టే మూల కేటాయింపు 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిందట, పోయినేడాది 55 డాలర్లు పెంచారట. దాంతో పిల్లకి బూట్లు కూడా రావు. అందుకే ఏదో ఒకటి తగ్గించాల్సి వస్తుంది, ఏది తగ్గించాలో మీతోనే మాట్లాడతాను అంది. దీనికి చప్పట్లు పడలేదు. సమోసాలు రావడంతో అందరూ లేచారు.

ఇంటికొచ్చి అమ్మాయిని అడిగాను. "మీ కౌన్సెలర్ ఎలాంటిదే?"

"మంచిదే. నా పేరు ఆవిడకి తెలియదు. స్క్రీన్ మీద చూసి పిలుస్తుంది."

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. మా అమ్మాయికి బొమ్మలు వచ్చు. ఎనిమిదో గ్రేడ్‌లో ఉండగా మా అత్తగారి చేతులు గీసింది, చిక్కుడుకాయలు వొలుస్తున్న చేతులు. వేలి కణుపుల దగ్గర చర్మం ఎలా ముడుచుకుంటుందో నేను ఆ బొమ్మలోనే మొదట చూశాను. హైస్కూల్లో ఆర్ట్ తీసుకుంటానంది. నేనొక ఎక్సెల్ షీట్ తెరిచాను. ఆర్ట్‌కి ఏపీ క్లాసంత పాయింట్లు రావు. వంద వచ్చినా ర్యాంకు కిందికే లాగుతుంది. క్లాసు ర్యాంకుతో నేరుగా సీటిచ్చే తలుపుని ఆస్టిన్ యూటీ పై 6 శాతం నుంచి 5కి కుదించుకుంది, ఈ ఫాల్‌లో చేరేవాళ్ళతోనే మొదలు. ఆరువందల మంది క్లాసులో అది ఆరు సీట్ల తేడా. ఆ ఆరుగురూ ఎవరి పిల్లలో మీకూ తెలుసు, నాకూ తెలుసు. 1997లో పదిశాతం చట్టం తెచ్చినవాళ్ళు మన ఇళ్ళలో ఇన్ని ఎక్సెల్ షీట్లు పుడతాయని ఊహించి ఉండరు.

పిల్ల వాదించలేదు. "ఓకే అమ్మా" అని కంప్యూటర్ సైన్స్ తీసుకుంది. వాదించి ఉంటే బాగుండేది. బొగ్గు పెన్సిళ్ళ డబ్బా వంటింటి డ్రాయర్‌లోకి, కొత్తిమీర కత్తెర పక్కకి చేరింది. ఇప్పుడు రాత్రి ఒంటిగంటకి కూడా దాని గదిలో లైటు వెలుగుతుంది. తలుపు కొడితే "జస్ట్ టెన్ మినిట్స్" అంటుంది. ఏమైనా ఇబ్బందిగా ఉందా అంటే, "ఐ యామ్ ఫైన్". ఆ రెండో మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

లైబ్రరీలో ఏ పుస్తకముందో అన్న భయం నాకు లేదని కాదు. ఆ భయానికి మందు నా దగ్గరే ఉంది, ఆ పుస్తకం నేనూ చదివి మా అమ్మాయితో మాట్లాడగలను. పక్కింటి పిల్ల ఏం చదవాలో వాళ్ళమ్మ చూసుకుంటుంది, నాకెందుకు? నాతో చెప్పనిది ఇంకో పెద్దమనిషితో చెప్పుకునేందుకు, పేరు తెలిసిన మనిషొకరు బడిలో ఉండాలి. అది నేను ఇంట్లో వండి పెట్టలేను. కుటుంబ విలువల గురించి మాట్లాడినాయన్ని ఇదే అడిగితే, అది కుటుంబం చూసుకోవాల్సిన పని అన్నాడు. కుటుంబం చూసుకుంటూనే ఉందండీ, చూసి చూసే ఇక్కడిదాకా తెచ్చింది. సరే, ఎడిటర్ గారూ, పక్షం తీసుకున్నట్టే ఉన్నాను.

అయినా ఇది నా ఒక్కదాని ఓటు కాదు. మా వీధిలో మనవాళ్ళ ఇళ్ళు పదకొండు. ఓటున్నవి మూడు. ప్రాపర్టీ టాక్స్‌లో పెద్ద ముక్క స్కూలుకే పోతుంది, పదకొండిళ్ళూ కడతాయి. పక్కింటి పద్మ గ్రీన్‌కార్డు వరసలో పన్నెండేళ్ళుగా ఉంది. మొన్న గోడవతల నుంచి అంది, "వదినా, మా ఇంటి ఓటు కూడా నువ్వే వెయ్యి. కాకపోతే నన్నడిగి వెయ్యి."

"ఎవరికి వెయ్యమంటావు?"

"ఇంకెవరికి, ఆ కుర్తా ఆయనకే. చక్కగా మాట్లాడాడు. మూడో స్థానానికి ఎవరైనా సరే, మన ఎలిమెంటరీ స్కూలు మూయనివాళ్ళకి."

పద్మ కొడుకు రెండో గ్రేడు. తన భయం వేరు, నా భయం వేరు. ఎనిమిదేళ్ళ క్రితం నాకూ ఆ కుర్తాయే నచ్చి ఉండేది. వాదించబోయి ఆగిపోయాను. ఓటు లేని మనిషికి మాటైనా మిగలాలి కదా. "చూద్దాం" అన్నాను. చూసేశానని చెప్పడానికి నోరు రాలేదు.

బూత్‌లో ఫోను వాడకూడదు. బ్యాలెట్ మీద పార్టీ పేరూ ఉండదు. పేర్లు మర్చిపోతానని ఓ చీటీ రాసుకున్నాను, తెలుగులో. ఒకటో స్థానం, రెండో స్థానం. మూడోది ఖాళీ. అది మాత్రం పద్మ చెప్పినట్టే, బడి మూయనన్నవాళ్ళకి. అలా అంటున్నవాళ్ళు ఇద్దరు, ఎవర్ని నమ్మాలో ఇంకా తేలలేదు. చీటీని ఫ్రిజ్‌కి మాగ్నెట్‌తో పెట్టాను. అమ్మాయి నీళ్ళు తాగడానికొచ్చి, మనబడిలో నేర్చిన తెలుగుతో కూడబలుక్కుంటూ చదివింది. రెండో పేరు దగ్గర ఆగింది. "అమ్మా, ఆవిడ పేరులో దీర్ఘం లేదు." దిద్దాను. "ఈవిడకా వేస్తున్నావు?" అని నా వంక చూసి, మరేమీ అనకుండా గదిలోకి వెళ్ళింది. ఆ రాత్రీ లైటు ఒంటిగంట దాకా వెలిగింది.

ఎర్లీ వోటింగ్ ఏప్రిల్ 20న మొదలు. సంచిక చేతికొచ్చేసరికి నేను వేసి వచ్చేసి ఉంటాను, పద్మ ఇది చదివి ఏమంటుందో అప్పుడు చూసుకోవాలి. రేపు పొద్దున కరివేపాకు కోసం వస్తానంది. ఫ్రిజ్ మీద చీటీ తీసి డ్రాయర్‌లో పెట్టాను, బొగ్గు పెన్సిళ్ళ డబ్బా కింద.