పవిత్ర గ్రంథంలో పాతబడిన మాట

దేవుడి మాట మారదని చాలా మతాలవాళ్లు నమ్ముతారు. ఆ మాటను పలికే మనుషుల భాష మాత్రం తరం తరానికీ మారుతూనే ఉంటుంది. గ్రంథంలో ఒక్క అక్షరం చెదరకపోయినా చదివేవాడికి అందే అర్థం వేరైపోతే, ఆ గ్రంథం మారినట్టా, మారనట్టా? ఈ ప్రశ్నను తేల్చుకోవడానికి ఇంగ్లీషు బైబిలు మంచి సాక్ష్యం. మొదటి జేమ్స్ రాజు కాలంలో, 1611లో వెలువడిన అనువాదాన్ని ఇప్పటికీ ప్రాణప్రదంగా చదివేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. బౌడెన్, బీర్ అనే మిషనరీలు 1836లో భారతదేశానికి వచ్చి, తర్వాత గోదావరి డెల్టాలోని నరసాపురంలో స్థిరపడేనాటికి ఇంగ్లీషు ప్రొటెస్టంట్లు సాధారణంగా చదివే బైబిలు అదే. రాయవరం నుంచి రాజోలు దాకా ఊరూరా చర్చి ఉన్న ఈ నేల మీద ఇది పరాయి చర్చ కాదు.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 13వ అధ్యాయం తీసుకోండి. 1526లో అనువాదకుడు టిండేల్ అక్కడ 'లవ్' అని రాశాడు. 1611 నాటి పండితులు 'ఛారిటీ' అన్నారు. లాటిన్ 'కారితాస్' నుంచి వచ్చిన ఆ మాటకు అప్పట్లో దేవుడి మీదా తోటివాడి మీదా ఉండే నిష్కామమైన ప్రేమ అనే అర్థం బలంగా ఉండేది. రానురాను అది కుంచించుకుపోయి చందాలకూ దానధర్మాలకూ పేరుగా మిగిలింది. ఇప్పటి అర్థం పెట్టుకుని మూడో వచనం చదివితే ఏమీ పొసగదు. ఉన్న ఆస్తంతా పేదలకు ధారపోసినా ఛారిటీ లేకపోతే ప్రయోజనం లేదన్నది అక్కడి భావం. ధారపోయడమే ఛారిటీ అయితే, ధారపోసినవాడికి అది లేకపోవడమేమిటి? దానం వేరు, ప్రేమ వేరు అని చెప్పడానికే పౌలు ఆ మాట రాశాడు. అక్షరం అలాగే ఉంది, బోధ మాత్రం చేజారిపోయింది. 1881 సవరణలో మళ్లీ 'లవ్' అని దిద్దారు. తెలుగు బైబిల్లో 'ప్రేమ' అనే ఉంది గనక మన విశ్వాసులకు ఈ చిక్కు రాలేదు. 'లెట్' సంగతి మరీ తలకిందులు. 1611 బైబిల్లో కొన్నిచోట్ల దాని అర్థం అడ్డగించడం. ఇవాళ అందరికీ తెలిసిన అర్థం అనుమతించడం. పాత ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు మాటలు, పలుకుబడిలో ఒకటైపోయాయి. అడ్డు అనే ఆ పాత అర్థం ఇంకా మన పాస్‌పోర్టులోని అభ్యర్థనలో బతికే ఉంది. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లే ప్రతి మనిషీ దాన్ని వెంట తీసుకెళ్తున్నాడు.

మాట అర్థం మారకుండా మర్యాద మారడం కూడా ఉంది. 'దౌ' అనే పాత సర్వనామం 1611 నాటికి ఏకవచనం. చనువున్నవాళ్లనీ చిన్నవాళ్లనీ అలా పిలిచేవారు. వాడుకలోంచి పోయి ప్రార్థనల్లో మిగిలాక, అది దేవుడి కోసం దాచిన గౌరవవాచకమని ఇంగ్లీషువాళ్లే అనుకునే స్థితి వచ్చింది. దగ్గరితనం దూరమైంది. గోదావరి జిల్లాల్లో మాట మాటకీ 'అండి' చేరుస్తాం. చర్చిలో అయ్యగారిని 'మీరు' అంటాం, గుడిలో పూజారిగారిని 'మీరు' అంటాం. దేవుడి దగ్గరికి వచ్చేసరికి రాముడైనా యేసైనా 'నువ్వే'. 1611 అనువాదకులు వాడిన ఏకవచనం ఇప్పటి లండన్ పాఠకుడి కన్నా మన పల్లెటూరి భక్తురాలికే సూటిగా అందుతుందని నా నమ్మకం.

పవిత్రత శబ్దంలోనే ఉంది, అర్థంతో పనేమిటి అని ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. ఘనపాఠులకు పేరుపడ్డ కోనసీమలో దీన్ని తేలిగ్గా తోసిపుచ్చలేం. స్వరం తప్పకుండా వేదాన్ని నిలబెట్టినవాళ్ల శ్రమ సామాన్యమైనది కాదు. కానీ ఈ వాదానికి జవాబు కూడా వైదిక సంప్రదాయంలోనే ఉంది. మంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుడి వాదాన్ని యాస్కుడు నిరుక్తంలో ఎత్తిచూపి ఖండించాడు. అర్థం కాకపోతే లోపం మంత్రానిది కాదు, నేర్చుకోనివాడిది అన్నది ఆయన జవాబు సారాంశం. నిరుక్తం పుట్టిందే వేదంలోని మాటలు అప్పటికే దురూహమైపోయినందువల్ల. ఇక శబ్దార్థాల సంబంధం నిత్యమన్న మీమాంసకులు కూడా, మాటకు అర్థం తెలిసేది వృద్ధవ్యవహారం వల్లనే అన్నారు. అంటే పెద్దల వాడుక చూసి పిల్లలు నేర్చుకోవడం. ఆ లెక్కన 1611 నాటి మాటకు ప్రమాణం 1611 నాటి పెద్దలే తప్ప ఇవాళ్టి మన అలవాటు కాదు.

అర్థాలు తవ్వడం మొదలుపెడితే ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటారనే భయం రెండోది. ఆ భయం న్యాయమైనదే. అయితే తోచిన అర్థం చెప్పేవాడిని ఆపగలిగేది మాట చరిత్ర ఒక్కటే. ఒక మాటను ఏ కాలంలో ఎవరు ఏ అర్థంలో వాడారో ఉదాహరణలతో చూపాలనే సంకల్పంతో మొదలైన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1884లో మొదటి భాగంతో వచ్చి 1928కి గానీ పూర్తికాలేదు. అలాంటి పని ఉంటే ఊహకు కళ్లెం పడుతుంది. తెలుగుకూ ఇది అవసరమే. పాత కావ్యాల్లో 'కంపు' అంటే పరిమళం కూడా. ఇప్పటి ముక్కుతో ఆ పద్యాలు చదివితే కవికి అన్యాయం చేసినట్టే.

పాత మాటలను కొట్టివేసి కొత్తవి పెట్టమని నేను అడగడం లేదు. పాత మాట అక్కడే ఉండాలి, దాని పక్కన ఆనాటి అర్థమూ ఉండాలి. సండే స్కూల్లో పాఠం చెప్పేవారూ, పురాణం చెప్పే శాస్త్రులుగారూ వారానికొక పాత మాట ఎంచుకుని, అది రాసిన నాటి అర్థంతో పిల్లలకు వివరించాలని మనవి.